మగ్గం పన్నును పార్లమెంటు దాకా మోసిన గాజుల లక్ష్మీనరసు చెట్టి

ఫెడరేషన్ కమిటీ వాళ్లు సావనీర్‌కి ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పోయినేడు మన మీటింగులో ఒక కుర్రాడు వేసిన ప్రశ్న. "తాతా, రాజుల గురించి, జమీందార్ల గురించి పుస్తకాల్లో ఉంది. మగ్గం నేసినవాళ్ల గురించి ఎక్కడ రాశారు?" అన్నాడు. ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఏవో రెండు మాటలు చెప్పి కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే ఒక పేరు తట్టింది. ఈ వ్యాసం ఆ కుర్రాడికి నేను బాకీ పడ్డ జవాబు.

ఆ పేరు గాజుల లక్ష్మీనరసు చెట్టి. ఆయన చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగాయన. నేతగాడు కాదు, వర్తకుడు. అయినా మన మగ్గాల మీద సర్కారు వేసిన పన్ను ఎంత అన్యాయమో 170 ఏళ్ల కిందట లండన్ పార్లమెంటు దాకా వినిపించిన సంఘానికి ఆయనే మూలస్తంభం. అందుకోసం పత్రిక పెట్టాడు, సంఘం కట్టాడు, ఆస్తి ఖర్చు పెట్టుకున్నాడు. మన ఇళ్లల్లో చాలామందికి ఆయన పేరే తెలియదు.

చెన్నపట్నంలో మన మగ్గాలు

ముందు ఆ కాలం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇంగ్లీషు కంపెనీ చెన్నపట్నంలో కోట కట్టుకున్నదే బట్టల వ్యాపారం కోసం. వాళ్లకి కావలసింది మన చాయ బట్ట, మన చేతిరుమాళ్లు. అందుకే నేతవాళ్లని పిలిచి దగ్గర పెట్టుకున్నారు. తిరువొత్తియూరు పక్కన ఉన్న కాలడిపేట, 1717 నుంచి గవర్నరుగా ఉన్న కాలెట్ దొర నేతవాళ్ల కోసం కట్టించిన పేట. ఆయన పేరే జనం నోట కాలడి అయింది. 1734లో పిట్ దొర గవర్నరుగా ఉన్నప్పుడు చింతాద్రిపేట వెలిసింది. అది అంతకుముందు సుంకు రామ అనే తెలుగు వర్తకుడి తోట. "చిన్న తరి పేట్టై" అంటే అరవంలో చిన్న మగ్గాల పేట అని. నేసేవాళ్లు, వడికేవాళ్లు, అద్దకం వాళ్లు, చలువ చేసేవాళ్లు అక్కడ ఉండాలని నియమం పెట్టారు. ఇవాళ ఆ వీధుల్లో నడిస్తే మోటారు స్పేర్‌పార్ట్‌ల కొట్లు కనిపిస్తాయి గాని, పేరులో మాత్రం మగ్గం ఇంకా ఉంది.

తర్వాత కాలం తిరగబడింది. మాంచెస్టర్ మిల్లు బట్ట ఓడల్లో దిగడం మొదలైంది. 1833 చట్టంతో కంపెనీ వ్యాపారం మానేసి ఒట్టి పరిపాలన చేసే సంస్థ అయింది. దాని ఆర్డర్ల మీద బతికిన పేటలు చేతులు ముడుచుకున్నాయి. 1840 ప్రాంతంలో లెక్క చూడండి: ఇంగ్లండు నుంచి మనదేశానికి వచ్చే నూలు బట్ట మీద సుంకం నూటికి మూడున్నర. మన నూలు బట్ట అక్కడికి పోతే నూటికి 10, పట్టు అయితే నూటికి 20. తక్కెడ ఎటు మొగ్గి ఉందో వేరే చెప్పక్కర్లేదు.

మొహతర్ఫా అనే పన్ను

ఇదంతా ఒక ఎత్తు, మొహతర్ఫా ఒక ఎత్తు. మదరాసు ప్రెసిడెన్సీలో భూమి ఉన్న రైతు దగ్గర శిస్తు తీసుకునేవాళ్లు. భూమి లేని నేతవాడు, వడ్రంగి, కమ్మరి, కంసాలి దగ్గర ఏం తీసుకోవాలి? అతని వృత్తి మీదే, పనిముట్టు మీదే పన్ను వేశారు. అదే మొహతర్ఫా. తెలుగు జిల్లాల్లో వర్తకుల మీద వేసేదాన్ని వీసబడి అనేవాళ్లు. నవాబుల నాటి నుంచీ ఉన్న పద్ధతే అది. కంపెనీ దాన్ని తీసెయ్యకుండా కొనసాగించింది.

నేతవాడికి మగ్గానికి ఇంత అని కట్టాలి. రేటు జిల్లాకో తీరుగా ఉండేది. ఒక చోట తక్కువ, పక్క తాలూకాలో ఎక్కువ. ఎంత వేయాలో నిర్ణయించే పని చాలావరకు కింది ఉద్యోగుల చేతిలో ఉండేది కాబట్టి, వాళ్లని ప్రసన్నం చేసుకోవడానికి వేరే ఖర్చు.

ఇక్కడ మన ఫెడరేషన్ వాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇవాళ మనం కర్ణాటక అని, తమిళనాడు అని, ఒడిశా అని వేరు వేరు రాష్ట్రాల్లో ఉన్నాం. ఆ రోజుల్లో సేలం, కుంభకోణం, బళ్లారి, బరంపురం అన్నీ ఒకే మదరాసు సర్కారు కింద ఉండేవి. గంజాం జిల్లా 1936లో ఒరిస్సాకి పోయింది, బళ్లారి 1953లో మైసూరుకి పోయింది. అంటే బరంపురంలో పట్టు నేసిన మన పెద్దలూ, సేలంలో పంచె నేసిన మన పెద్దలూ ఒకే సర్కారు ఖజానాకి మగ్గం పన్ను కట్టినవాళ్లే. సోలాపూరు, భివండీ వాళ్లది బొంబాయి వైపు కథ, యానాం వాళ్లది ఫ్రెంచి వాళ్ల కథ. అవి వేరే రాయాల్సినవి.

వర్తకుడి కొడుకు పత్రిక పెట్టాడు

లక్ష్మీనరసు చెట్టి 1806లో పుట్టాడు. తండ్రి సిద్ధులు చెట్టి నీలిమందు వర్తకుడు. కొడుకు కూడా ఎక్కువ చదువుకోకుండానే వ్యాపారంలో దిగి, నీలిమందులోనూ బట్టల్లోనూ బాగా సంపాదించాడు. నీలిమందు, బట్ట రెండూ తెలిసిన మనిషికి మగ్గం ఇంటి మంచీ చెడూ తెలియకుండా ఉండదు కదా.

సుఖంగా కూర్చుని తినగలిగిన స్థితిలో ఉండి, 1844లో ఆయన చేసిన పని చూడండి. నడుస్తున్న ఒక చిన్న పత్రికను కొని, దానికి "క్రెసెంట్" అని పేరు మార్చి నడపడం మొదలుపెట్టాడు. క్రెసెంట్ అంటే నెలవంక. అది ఇంగ్లీషు పత్రిక. సంపాదకుడిగా ఒక ఇంగ్లీషాయన్నే పెట్టుకున్నాడు. మదరాసు ప్రెసిడెన్సీలో మనదేశస్థుడు సొంతంగా పెట్టి నడిపిన తొలి ఇంగ్లీషు పత్రికగా దాన్ని చెప్పుకుంటారు. అప్పటిదాకా పట్నంలో ఉన్న ఇంగ్లీషు పత్రికలు దొరలవి, లేదా మిషనరీలవి. జనం పక్షాన దొరల భాషలోనే దొరలకి చెప్పే పత్రిక ఒకటుండాలని ఆయన ఆలోచన.

సర్కారుకి ఇది మొదటి రోజు నుంచే నచ్చలేదు. పత్రిక గురించి ప్రకటన వేయమంటే సర్కారు గెజెట్ ఒప్పుకోలేదు. అప్పటి గవర్నరు ట్వీడేల్ దొర సర్కారు బళ్లలో బైబిలును పాఠ్యపుస్తకం చేయాలని చూస్తే, పట్నంలో సభ పెట్టించి, మహజరు రాయించి పోరాడినవాళ్లలో లక్ష్మీనరసు చెట్టి ముందున్నాడు. ఆయన వాదన సూటిగా ఉండేది. బళ్లకి డబ్బు జనం కట్టిన పన్నుల్లోంచి వస్తుంది, అది ఒక మతం కోసం ఖర్చు పెట్టకూడదు. ఆ మాటలో బరువుంది. పన్ను కట్టేవాడికి అడిగే హక్కుంది అన్నది ఆయన రాజకీయం మొత్తానికి పునాది.

1852 సంఘం, 1852 అర్జీ

కంపెనీకి ఇంగ్లండు పార్లమెంటు ఇచ్చే చార్టరు 20 ఏళ్లకోసారి పునరుద్ధరణకి వచ్చేది. 1813, 1833, ఆ తర్వాత 1853. ఆ అదును తప్పితే మళ్లీ 20 ఏళ్లు ఆగాలి. అందుకని 1852 ఫిబ్రవరిలో లక్ష్మీనరసు చెట్టి పూనికతో మదరాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. మొదట అది కలకత్తాలో ఉన్న బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కి శాఖ. కొద్ది నెలల్లోనే విడిపోయి సొంత సంఘం అయింది. కలకత్తా సంఘంలో జమీందార్ల గోల ఎక్కువ. మన వైపు ఉన్నది రైత్వారీ. రైతూ వృత్తిపనివాడూ నేరుగా సర్కారు చేతికింద నలిగే చోటు. బాధలు వేరు కాబట్టి అర్జీ కూడా వేరుగా ఉండాలని వాళ్లు అనుకున్నారు.

ఆ ఏడాది చివర్లో సంఘం పార్లమెంటుకి పంపిన అర్జీ చాలా పెద్దది. శిస్తు భారం, ఉప్పు మీద సర్కారు గుత్తాధికారం, కోర్టుల్లో ఆలస్యం, ఖర్చు, చదువుకి డబ్బు పెట్టకపోవడం, పరిపాలనలో మనవాళ్లకి చోటు లేకపోవడం, అన్నీ ఏకరువు పెట్టింది. అందులో మొహతర్ఫా గురించి కూడా ప్రత్యేకంగా రాశారు. ఆ పన్ను ఎవరెవరి మీద పడుతోందో చెబుతూ వరసలో మొదట పెట్టిన పేరు నేతవాళ్లది. తర్వాత వడ్రంగులు, లోహప్పని వాళ్లు, కొట్టు పెట్టుకున్నవాళ్లు, దారి పక్కన కూర్చుని అమ్ముకునేవాళ్లు. పనిముట్టు వాడుకోనిచ్చినందుకు కట్టే పన్ను, చాలాసార్లు ఆ పనిముట్టు ఖరీదుకి ఆరింతలు ఉంటోందని ఆ అర్జీ చెప్పింది.

ఒక్క నిమిషం ఆగి ఆ లెక్క ఆలోచించండి. కమ్మరి సుత్తికైనా, వడ్రంగి ఉలికైనా, చేతిలో ఉన్న వస్తువు కొన్న ధరకి ఆరింతలు దాన్ని వాడుకున్నందుకు కట్టడం. మన ముత్తాతల బాధ రాతలో, అంకెతో సహా, ఇంగ్లండు పెద్దల ముందుకు వెళ్లడం అదీ. 1853 మొదట్లో ఆ అర్జీ అక్కడి ప్రభువుల సభలో సమర్పించారు.

ఫలితం? నిజం చెప్పాలంటే వెంటనే ఏమీ రాలేదు. 1853 చట్టం కంపెనీ పాలనను అలాగే ఉంచింది. అర్జీలో అడిగినవి చాలావరకు పక్కన పడేశారు.

కట్టుకున్న బట్టే ఉరి అయిన రోజులు

లక్ష్మీనరసు చెట్టి అంతటితో ఊరుకోలేదు. ఇంగ్లండులో ఇండియా రిఫార్మ్ సొసైటీకి అధ్యక్షుడైన డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మదరాసు వచ్చాడు. చెట్టి ఆయన్ని పట్నంలో విందులిచ్చి పంపెయ్యలేదు. వెంటబెట్టుకుని దక్షిణపు జిల్లాల్లో ఊళ్లు తిప్పాడు. కాయితం మీద చెప్పినదాన్ని కళ్లతో చూపించాలని ఆయన పట్టుదల. శిస్తు వసూలు కోసం తమని ఎలా హింసిస్తున్నారో జనం సీమోర్‌కి స్వయంగా చెప్పుకున్నారు. 1854 జూలైలో ఈ సంగతి కామన్స్ సభలో లేచింది. సర్కారు ముందు కాదంది, చివరికి విచారణ కమిషన్ వేయక తప్పలేదు.

దాన్నే చరిత్రలో మదరాసు టార్చర్ కమిషన్ అంటారు. ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యులు. దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చాయి. దూరం ఊళ్ల నుంచి నడిచి వచ్చి చెప్పినవాళ్లున్నారు. 1855లో నివేదిక ఇచ్చారు. పన్ను వసూలుకి హింస వాడుతున్న మాట నిజమే అని ఒప్పుకున్నారు.

ఆ నివేదికలో రెండు హింసల పేర్లు మాటిమాటికీ వస్తాయి. ఒకటి కిట్టి. రెండు కర్రలను ఒక కొసన కట్టి, మధ్యలో వేళ్లు పెట్టి నొక్కడం. వేళ్లే ఆస్తిగా బతికే నేతవాడు ఆ మాట చదివితే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రెండోది అనుందాల్. మనిషిని వంచి, అతను కట్టుకున్న బట్టతోనే మెడనీ కాలివేళ్లనీ కలిపి కట్టి, వీపు మీద రాయి పెట్టి ఎండలో ఉంచడం. బట్ట దొరక్కపోతే కొబ్బరిపీచు తాడో గడ్డి తాడో వాడేవాళ్లట. మనం నేసిన గుడ్డతోనే మనిషిని వంచి కట్టారు. ఈ వాక్యం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఒక చేదు నిజం కూడా ఉంది. ఈ పనులు చేసినవాళ్లు దొరలు కాదు, కింది స్థాయి మనవాళ్లే. కమిషన్ నెపం అంతా వాళ్ల మీద పెట్టి దొరలని చాలావరకు తప్పించింది. అయితే ఎంత డబ్బు రావాలో పైన నిర్ణయించినవాళ్లు ఎవరు? వసూలు కాకపోతే కింది వాడి ఉద్యోగం తీసేది ఎవరు? ఆ ప్రశ్న మాత్రం ఆ నివేదిక గట్టిగా వేయలేదు.

అయినా మేలు జరిగింది. అప్పటిదాకా శిస్తు వసూలు చేసేవాడి చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉండేది. 1859లో మదరాసు పోలీసు చట్టం వచ్చి ఆ రెండూ విడిపోయాయి. ఇక మొహతర్ఫా సంగతి. 1860లో ఆదాయపు పన్ను ప్రవేశపెట్టిన తర్వాత ఆ పాత పన్నుకి కాలం చెల్లి రద్దయింది. ఒక్క అర్జీతో రద్దయిందని నేను అనను. సర్కారుకి వేరే లెక్కలు ఉన్నాయి. కానీ ఆ పన్ను సిగ్గుమాలిన పన్ను అని అందరికీ తెలిసేలా చేసినవాళ్లలో చెన్నపట్నం సంఘం ఉంది, ఆ సంఘం వెనక లక్ష్మీనరసు చెట్టి సొమ్మూ చెమటా ఉన్నాయి.

చివరి రోజులు

పోరాడినవాడికి తర్వాత సర్కారు గౌరవాలు కూడా వచ్చాయి. సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చారు. 1863లో మదరాసు శాసనసభలో సభ్యుడిగా వేసుకున్నారు. కానీ అప్పటికే సంఘం చీలికలతో నీరసించింది. నిదానంగా పోవాలనేవాళ్లు కొందరు విడిపోయి వేరే సభ, వేరే పత్రిక పెట్టుకున్నారు. మన సంఘాల్లో ఉండే తగువే, కొత్తదేం కాదు. పత్రిక కోసం, సంఘం కోసం పెట్టిన ఖర్చుతో వ్యాపారం దెబ్బ తిన్నది. 1868లో పోయేనాటికి ఆయన చేతిలో పాత సంపద లేదు.

ఆయన లోపాలు కూడా చెప్పుకోవాలి. క్రెసెంట్ ఇంగ్లీషు పత్రిక. ఎవరి కోసం రాశారో ఆ నేతవాడు దాన్ని చదవలేడు. సంఘంలో కూర్చున్నవాళ్లు వర్తకులు, పట్నం పెద్దమనుషులు. మన గురించి మాట్లాడారు గాని, మనల్ని పక్కన కూర్చోబెట్టుకున్న దాఖలా లేదు. ఆ లోటు తీరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆయన పోయిన పదేళ్లకి, 1878లో అదే పట్నంలో "ది హిందూ" పుట్టింది. దాన్ని పెట్టిన ఆరుగురు యువకుల్లో మన తెలుగాయన న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. 1884లో మదరాసు మహాజన సభ వచ్చింది. నేత ఇంట్లో పుట్టినవాడే నేతవాళ్ల మాట సభలో మాట్లాడే రోజు ప్రగడ కోటయ్య గారి లాంటి వాళ్లతో వచ్చింది. ఆయన చీరాల నుంచి శాసనసభకి, తర్వాత రాజ్యసభకి వెళ్లి, ఎక్కడ కూర్చున్నా మగ్గం గురించే మాట్లాడారు.

మన పని

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మన చేనేత బట్ట మీద కూడా నూటికి 5 పన్ను పడింది. మన సంఘాల్లో చాలామంది అర్జీలు రాశారు, సంతకాలు చేశారు. "రాస్తే ఏమొస్తుందిలే అన్నా" అని నాతో అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకి నేను చెప్పేది ఇదే. 1852లో రాసినవాళ్లకి కూడా 1853లో ఏమీ రాలేదు. అయినా మొహతర్ఫా అన్నది ఒకటుండేదని, అది పనిముట్టు ఖరీదుకి ఆరింతలు ఉండేదని ఇవాళ మనకి తెలిసిందంటే వాళ్లు రాసిపెట్టడం వల్లే. మన ముత్తాతలు పడ్డ మిగతా కష్టాలు ఎన్నో రాసేవాళ్లు లేక వాళ్లతోనే పోయాయి.

అందుకే ఈ వార్షికోత్సవానికి నాది ఒక్క మనవి. ప్రతి కుటుంబం ఒక్క పేజీ రాసి ఫెడరేషన్‌కి పంపండి. మీ పెద్దలు ఏ ఊరి నుంచి ఈ ఊరికి వచ్చారు, ఏ రకం నేసేవాళ్లు, ఎన్ని మగ్గాలు, ఎప్పుడు ఆగాయి, ఎందుకు ఆగాయి. సొసైటీ పాసుబుక్కు, సావుకారు చీటీ, పన్ను రసీదు ఏదైనా పెట్టెలో ఉంటే ఫోటో తీసి పంపండి. తెలుగు చదవడం రాయడం రాని పిల్లలు ఉంటే అరవంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో రాయమనండి. లక్ష్మీనరసు చెట్టి పరాయి భాషలోనే రాయించాడు, అయినా మన బాధే రాయించాడు.

ఆ రోజు మీటింగులో అడిగిన కుర్రాడికి నా జవాబు ఇది నాయనా: ఒకచోట రాశారు, ఆ రాతలో మొదటి పేరు మనదే. మిగతా పేజీలు మనమే రాయాలి, నీ పేజీ కూడా అందులో ఉండాలి.